కత్తెర వదిన కంప్యూటరు మూగబోయిన రోజు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు చాలామందికి తెలియదు. పిల్లలకూ పెద్దలకూ ఆవిడ కత్తెర వదినే. అలాగని ఆవిడ బట్టలు కుట్టేదీ కాదు, జుట్టు కత్తిరించేదీ కాదు. వీడియోలు ఎడిట్ చేసేది. మందుల దుకాణం పైన మేడ. మెట్లెక్కగానే కుడివైపు గదిలో ఆవిడ పని, ఎడమవైపు వాటాలో ఆవిడ కాపురం. బడి వార్షికోత్సవాలు, ఉద్యోగ విరమణ సభలు, నాటకాల పోటీలు, ఎవరు ఏం తెచ్చిచ్చినా ఓపిగ్గా చూసి, సాగింది కోసి, అతకనిది అతికించి, చూడబుద్ధయ్యేలా చేసి పంపేది. ఒకసారి సంగీత పాఠశాల పెద్దాయన గంటసేపు దంచిన ప్రసంగం ఆవిడ చేతిలో పడి బయటికొచ్చేసరికి, కప్పులో టీ చల్లారేలోపు అయిపోయేటంత అయింది. ఆయన మండిపడుతూ మెట్లెక్కి వచ్చాడు. కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూశాడు. "నేను చెప్పదలుచుకున్నది ఇంతేనమ్మా. మిగతాదంతా ఎందుకు చెప్పానో నాకే తెలియదు" అని నవ్వుకుంటూ దిగి వెళ్ళాడు. కత్తెర వదిన అన్న పేరు ఆయన చలవే.

భర్త గూడ్సు రైలు గార్డు. ఇంట్లో ఉన్న రోజులకన్నా ఆయన రైలు చివరి పెట్టెలో ఉన్న రోజులే ఎక్కువ. అందువల్ల ఇంటిని అంటిపెట్టుకుని ఉండేది వదినా, ఆవిడ అత్తగారూ. అత్తగారు వయసులో ఉండగా నేత మిల్లులో పనిచేసింది. మగ్గాలన్నీ ఒక్కసారి తిరగడం మొదలుపెడితే ఆ షెడ్డులో పక్కన పిడుగు పడ్డా వినిపించేది కాదట. ఆ హోరు కొంచెం కొంచెంగా ఆవిడ వినికిడిని కొరుక్కు తినేసింది. ఇప్పుడు ఎవరైనా గట్టిగా అరిస్తే తప్ప వినబడదు. అరిస్తే ఆవిడకు ఒళ్ళు మంట. "చెవులకు వయసొచ్చింది కానీ బుద్ధి ఎక్కడికీ పోలేదు, అలా కేకలెయ్యకండి" అనేది. దాంతో ఇంటికి వచ్చినవాళ్ళు కేకలు మానారు, క్రమంగా మాట్లాడటమే మానారు. ఆవిడ బాల్కనీలో కుర్చీ వేసుకుని వీధిని చూస్తూ పొద్దుపుచ్చేది. అత్తాకోడళ్ళ మధ్య కూడా మాటలు చిక్కిపోయి, భోజనం, మందు, స్నానం అన్న మూడు సైగల దగ్గర ఆగిపోయాయి. తగవులు లేవు, కబుర్లూ లేవు.

పొరుగూళ్ళో ఉద్యోగం చేస్తున్న కూతురు తల్లికి చెవి మిషన్లు కొనిచ్చింది. వైరు అక్కర్లేకుండా ఫోనుకూ కంప్యూటరుకూ కలిసే కొత్త రకం. కొన్న రోజున వదిన కంప్యూటరుకు కూడా కలిపి, పాట వినిపించి మురిసిపోయింది. అత్తగారు రోజూ పొద్దున కూతురు వీడియో కాల్ చేసే వేళకు వాటిని బుద్ధిగా పెట్టుకుని కూర్చునేది. కాల్ అవగానే తీసి కళ్ళజోడు పెట్టెలో పడేసేది. "గిన్నెల చప్పుడు, కుర్చీల చప్పుడు తప్ప మనిషి మాట ఒక్కటీ తెలియదు వీటితో" అని వదిన దగ్గర విసుక్కునేది. కూతురితో మాత్రం, "పొద్దస్తమానం పెట్టుకునే ఉంటున్నానే తల్లీ" అనేది. వదిన ఆ గుట్టు ఎప్పుడూ బయటపెట్టలేదు.

ఆ ఎండాకాలం వదిన చేతికి మనసుకు నచ్చిన పని ఒకటి వచ్చింది. మున్సిపల్ ఈతకొలనులో అరవై దాటిన ఆడవాళ్ళు కొందరు కలిసి ఈత నేర్చుకున్నారు. నేర్పిన కోచ్ గారికి వాళ్ళంటే ప్రాణం. మొదటి రోజు గట్టు పట్టుకుని వణికిన దగ్గర్నుంచి చివరికి ఆ చివర తాకి వచ్చేదాకా, గట్టు మీద కెమెరా పెట్టించి అంతా తీయించాడు. దాన్నొక చిన్న చిత్రంగా చేసి ఆదివారం కొలను హాల్లో అందరికీ వేసి చూపాలని ఆయన కోరిక. వదిన సగానికి పైగా పని పూర్తిచేసింది కూడా.

అంతలో బుధవారం పొద్దున ఆ పెట్టె ప్రత్యక్షమైంది.

తెర మధ్యలో చిన్న పెట్టె. 'కొత్త సిస్టం సిద్ధంగా ఉంది. ఇప్పుడే మార్చమంటారా? తర్వాతా?' ఎన్నాళ్ళనుంచో అది రోజూ వచ్చేది, ఆవిడ రోజూ 'తర్వాత' అని నొక్కి పంపేసేది. పనిలో ఉండగా సిస్టం మార్చకూడదని ఆ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కానీ ఆ రోజు ఆవిడ ఒక షాటు కొయ్యడానికి వేలు దించిన క్షణానే ఆ పెట్టె సరిగ్గా వేలి కిందికి వచ్చి నిలబడింది. కోత దాని మీద పడింది, 'ఇప్పుడే' అన్న చోట.

"అయ్యో, అయ్యో, కాదు, కాదు!" అని ఆవిడ కుర్చీలోంచి లేచింది. కంప్యూటరు వినలేదు. తెర నల్లబడింది. తెల్లటి గీత ఒకటి నత్తలా పాకడం మొదలుపెట్టింది.

గీత అవతలి ఒడ్డు చేరి కంప్యూటరు తిరిగి లేచేసరికి అన్నీ కొత్తగా, గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. ఎడిటింగు సాఫ్ట్‌వేరు తప్ప. దాని గుర్తు మీద నొక్కితే ఒక్క గెంతు గెంతి మళ్ళీ పడుకుంది. ఇంకోసారి నొక్కింది. ఇంకో గెంతు, ఇంకో కునుకు. వదిన, చెవి మిషన్లు కొనిచ్చిన ఆ ఆడపడుచుకే ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఉద్యోగం ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లకు వచ్చే జబ్బులు ఫోన్లోనే కుదర్చడం.

"చెప్పు వదినా. ముందు ఊపిరి తీసుకో. తెర మీద ఏం కనబడుతోంది?"

"ఏముంది కనబడటానికి! నొక్కితే ఒకసారి లేచి మళ్ళీ ముసుగుతన్నుతోంది. నైట్ డ్యూటీ దిగొచ్చిన మీ అన్నయ్యను లేపినట్టుంది."

"ఆపి మళ్ళీ ఆన్ చేశావా?"

"చేశాను. ఆపాను, ఆన్ చేశాను, బతిమాలాను, తిట్టాను."

"తిట్టడం మా పద్ధతుల్లో లేదు కానీ, మిగతావి సరే. ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. మొదట నీ ప్రాజెక్టు ఫైలుకి ఒక నకలు తీసి వేరే చోట దాచు. ఏం చెడినా వెనక్కి రావడానికి దారి ఉండాలి."

వదిన దాచింది.

"ఇప్పుడు చెప్పు. నీ సాఫ్ట్‌వేరుకి బయటినుంచి తెచ్చి తగిలించినవి ఏమన్నా ఉన్నాయా? హంగులు, ఆర్భాటాలు?"

ఉన్నాయి. వదిన ఏళ్ళ తరబడి ముచ్చటపడి పోగేసుకున్న ప్లగిన్లు. పుస్తకం పేజీ తిరిగినట్టు ఒక దృశ్యం పోయి ఇంకోటి రావడం, నక్షత్రాలు రాలడం, అక్షరాలు గింగిరాలు తిరుగుతూ వచ్చి వరసలో నిలబడటం.

"అవన్నీ పాత సిస్టం కోసం చేసినవి వదినా. కొత్తది వాటిని చూసి జడుసుకుంటోంది. ఆ ఫోల్డరును పక్కకి లాగి పెట్టు."

"పారెయ్యమంటావా!"

"పారెయ్యమన్నానా? పక్కన పెట్టమన్నాను. తర్వాత ఒక్కొక్కటే వేసి చూసి, ఏది తేడానో పట్టుకుందాం."

పక్కన పెట్టి నొక్కింది. గుర్తు గెంతింది. ఇంకోసారి గెంతింది. సాఫ్ట్‌వేరు చక్కగా తెరుచుకుంది. వదిన చప్పట్లు కొట్టబోయి మధ్యలో ఆగిపోయింది. తెరనిండా ఎర్రటి ముక్కలు. ఒక్కో ముక్క మీదా 'దొరకలేదు' అని రాసి ఉంది. దొరకలేదు, దొరకలేదు, దొరకలేదు. కొలను ఎండిపోయినట్టుంది. నీళ్ళూ లేవు, మనుషులూ లేరు.

"అమ్మాయ్, కొంప మునిగింది. అంతా పోయింది!"

"ఏదీ పోలేదు. వీడియోలు బయటి డిస్కులో ఉన్నాయి కదా? డిస్కు తెరిచి చూడు."

చూసింది. అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. తనకు కనబడుతున్నాయి, సాఫ్ట్‌వేరుకే కనబడట్లేదు.

"అంతే వదినా. కొత్త సిస్టం కొత్త వాచ్‌మన్ లాంటిది. పాతాయన అందరినీ మొహం చూసి వదిలేసేవాడు. ఇతను సొంతింటివాళ్ళని కూడా ఎవరు మీరు అని అడుగుతాడు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అని ఉంటుంది. అందులో, ఈ సాఫ్ట్‌వేరు బయటి డిస్కు చూడవచ్చా అని ఒక మీట. అది ఆన్ చేసి, సాఫ్ట్‌వేరు మూసి మళ్ళీ తెరువు."

మూసి తెరిచింది. ఎర్రటి ముక్కలు ఒక్కొక్కటే నీలంగా మారాయి. నీళ్ళు వచ్చాయి, నీళ్ళలో మనుషులు వచ్చారు, గట్టు మీద కోచ్ వచ్చాడు. వదిన ఈసారి ఆపుకోకుండా చప్పట్లు కొట్టి, 'ప్లే' నొక్కింది. బొమ్మ కదిలింది. కోచ్ బుగ్గలు పొంగించి ఈల ఊదాడు. ఈల మోగలేదు.

శబ్దం పెంచింది. స్పీకరు వైరు పీకి పెట్టింది. ఒక్క చుక్క చప్పుడు లేదు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అమ్మాయ్. బొమ్మ వచ్చింది, గొంతు పోయింది."

"గొంతు ఎక్కడికీ పోదులే. కానీ ఇప్పుడు నాకు మీటింగుంది, తప్పదు. సాయంత్రం ఆఫీసు దిగగానే చేస్తాను. అప్పటిదాకా దేన్నీ కెలక్కు, నీకు పుణ్యముంటుంది!"

కెలక్కుండా కూర్చోవడం వదినకు చేతకాని పని. శబ్దం లేకపోతే పోనీ, బొమ్మల వరకైనా కోద్దామని మొదలుపెట్టింది. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. మధ్యాహ్నం అత్తగారు టీ కప్పులు పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయే మనిషి. ఆ గది చెవులున్నవాళ్ళ గది అని ఆవిడ అభిప్రాయం. కోడలు ఎప్పుడు చూసినా హెడ్‌ఫోన్సు పెట్టుకుని వేరే లోకంలో ఉండేది. ఈ రోజు కోడలి చెవులు ఖాళీగా కనబడేసరికి ఆవిడ ఆగి తెర వైపు చూసింది. చూసి కిసుక్కున నవ్వింది.

వదిన తలెత్తింది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతోంది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఆ గుండ్రటావిడ ఏమందో చూడలేదూ?"

తెర మీద కొలను అవతలి గట్టు. కడ్డీ పట్టుకుని వేలాడుతోంది ఈత జట్టులో ఒకావిడ, బట్టలు కుట్టే టైలరమ్మ. మైకు ఉన్నది ఇవతల కోచ్ మెడలో. శబ్దం ఉన్న రోజుల్లో కూడా అక్కడి మాటలు వదినకు వినబడింది లేదు. నీళ్ళ చప్పుడు, ఈల, అంతే.

"ఏమంది?"

"'వీటికి కొలతలు తీసుకోలేదమ్మా, ఎక్కడ వదులో ఎక్కడ బిగువో ఎలా తెలుస్తుంది' అంటోంది. నీళ్ళకి!"

వదిన వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. టైలరమ్మ పెదాలు కదిలాయి. ఆవిడకు ఒక్క అక్షరమూ తెలియలేదు.

"మీకెలా తెలిసింది?"

"మిల్లులో మేం మాట్లాడుకుంది ఇలాగే కదే. ఆ హోరులో గొంతు ఎవరికి కావాలి? షెడ్డు ఈ మూల నేను, ఆ మూల నా నేస్తం. మధ్యలో మగ్గాలు. ఇద్దరం పనిచేసుకుంటూనే ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళం. సూపర్‌వైజరు మధ్యలో నిలబడి ఉండేవాడు, పాపం, ఆయన్ని ఏమంటున్నామో ఆయనకే తెలిసేది కాదు."

"మరి ఇన్నేళ్ళూ నేను మాట్లాడేదంతా మీకు తెలుస్తోందా?"

అత్తగారు టీ తాగి, కప్పు కింద పెట్టి, నెమ్మదిగా అంది. "నువ్వు ఎప్పుడూ తెరకేసి మొహం పెట్టుకుని మాట్లాడతావు. నీ వీపుకి పెదాలు లేవుగా, అమ్మాయ్."

 వదిన కుర్చీని చర్రున అత్తగారి వైపు తిప్పుకుంది. ఇంకో కుర్చీ లాక్కొచ్చి పక్కన వేసింది. "కూర్చోండి అత్తయ్యా. మొదటినుంచీ చూద్దాం" అంది, ఆవిడ మొహానికి ఎదురుగా.

ఆ మధ్యాహ్నం మేడ మీద జరిగింది సంబరమే. వదిన ఆపి ఆపి వేసింది, అత్తగారు చూసి చూసి చెప్పింది. టైలరమ్మా, రిటైరైన నర్సమ్మా జంట. లోతులేని వైపు ఇద్దరూ చేతులు టపటపలాడిస్తూ గొప్పగా ఈదుతున్నారు.

"కోచ్ గారు ఇటే చూస్తున్నారు, చేతులు బాగా ఆడించు" అంటోందట నర్సమ్మ.

"నీ కాళ్ళో?" అందిట టైలరమ్మ.

"కాళ్ళు నేల మీదే ఉన్నాయి. నడుస్తున్నా."

"నేనూ అంతే. ఆయనకి నీళ్ళ కింద కనబడదులే!"

వదిన బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఆ షాటులో కోచ్ ఎంత మురిసిపోతూ బొటనవేలు పైకెత్తి చూపుతున్నాడో ఆవిడకు ముందే తెలుసు. ఎందుకు నవ్వాలో ఇప్పుడు తెలిసింది. చెవికి అందని మాటలన్నీ ఆ దృశ్యాల్లో అంతకాలం అలాగే ఉన్నాయి. ఆవిడ ఒక్కో షాటు కిందా ఆ మాటలు అక్షరాలుగా వేస్తూ పోయింది.

తర్వాత తెర మీదికి ఒక పొడుగావిడ వచ్చింది. ఆవిడ ఒకప్పుడు బస్సు కండక్టరు. జట్టులో ఎవరితోనూ పెద్దగా కలవదు. ఆ రోజు మొదటిసారి వెల్లకిలా తేలింది. కోచ్ చేతులు మెల్లగా తీసేశాడు. ఆవిడ తేలుతూనే ఉంది. కళ్ళు పైకప్పు వైపు, పెదాలు కొద్దికొద్దిగా కదులుతున్నాయి. అత్తగారు తెర మీదికి వంగింది. "ఇంకోసారి వెయ్యి" అంది. వదిన వేసింది. అత్తగారి నవ్వు తగ్గి, మొహం మెత్తబడింది.

"'అమ్మా, చూడవే, నేను మునగలేదు' అంటోంది."

 వదిన ఆ మాట కూడా వెయ్యడానికి కీబోర్డు మీద చెయ్యి పెట్టింది. అత్తగారు ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"ఆగు. షెడ్డులో చూసిన మాట గేటు దాటకూడదని మాకొక కట్టుబాటు ఉండేది. మగ్గాల మధ్య ఏడ్చినవాళ్ళని చూశాం, తిట్టుకున్నవాళ్ళని చూశాం. చూసింది అక్కడే వదిలేసి వచ్చేవాళ్ళం. వీళ్ళు ఎవరూ వినట్లేదని మాట్లాడుకున్నారు. వాళ్ళని అడగాలి."

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా అత్తయ్యా."

"దాటుతుందనే కదా అడగమంటున్నాను!"

సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసేసరికి అత్తాకోడళ్ళిద్దరూ తెర ముందే ఉన్నారు.

"వదినా, సౌండ్ సెట్టింగ్స్ తెరువు. అవుట్‌పుట్ అని ఉంటుంది, అంటే చప్పుడు ఏ దారిన బయటికి వెళ్ళాలో అది. అక్కడ ఏమేం పేర్లున్నాయో చదువు."

"స్పీకరు. తర్వాత మానిటరు. తర్వాత... ఇదేంటి, 'అమ్మ చెవులు' అని ఉంది. టిక్కు దాని మీదే ఉంది."

 ఫోన్లో అవతల ఆఫీసు మెట్ల మీద నిలబడి ఎవరో పగలబడి నవ్వుతున్న చప్పుడు.

"వదినా! అది నేను పెట్టిన పేరే. చెవి మిషన్లు కొన్న రోజున నీ కంప్యూటరుకి కలిపాను చూడు. పాత సిస్టం వాటిని మర్చిపోయింది. కొత్తది లేవగానే చుట్టుపక్కల ఎవరున్నారా అని చూసుకుని, దగ్గర్లో అవి కనబడేసరికి చప్పుడంతా వాటికి పంపుతోంది. ఇంతకీ మా అమ్మ చెవి మిషన్లు ఎక్కడున్నాయి?"

వదిన అత్తగారి వైపు చూసింది. కళ్ళజోడు ఆవిడ కళ్ళకుంది, దాని పెట్టె బల్ల మీదే ఉంది. తెరిచింది. పెట్టెలోంచి చీమంత కొలను వినబడింది. చీమంత నీళ్ళ చప్పుడు, చీమంత ఈల, "చేతులు చాపండి, బాగా చాపండి" అంటున్న చీమంత కోచ్. పొద్దుట్నుంచీ ఆయన ఆ పెట్టెలో కూర్చుని ఎవరికీ వినబడకుండా ఈత నేర్పుతూనే ఉన్నాడు.

టిక్కు స్పీకరు మీదికి మార్చగానే గదంతా చప్పుడైంది. వదిన ఊపిరి పీల్చుకునేలోపే ఆడపడుచు వీడియో కాల్‌లోకి మారింది.

"అమ్మా! రోజంతా పెట్టుకునే ఉంటున్నానన్నావు! కళ్ళజోడు పెట్టెలో ఏం చేస్తున్నాయి అవి?"

అత్తగారు ఫోను తెరను దగ్గరకు తెచ్చుకుని కళ్ళు చికిలించింది. "సిగ్నలు బాగోలేదే తల్లీ. నువ్వేమంటున్నావో కనబడట్లేదు" అంది.

ముగ్గురూ కలిసి నవ్వారు. అప్పటికి దొంగతనం బయటపడ్డట్టే. కానీ తిట్లు ముదరకముందే వదిన మధ్యాహ్నం జరిగిందంతా చెప్పింది. ఆడపడుచుకు తన తల్లి పెదాలు చదువుతుందని తెలుసు గానీ, ఇంత దూరంనుంచి, ఇంత వివరంగా చదువుతుందని తెలియదు. "అయితే చిన్నప్పుడు నేను వీధి చివర నిలబడి చెప్పుకున్న రహస్యాలన్నీ..." అని ఆగిపోయింది. "గేటు దాటలేదులే" అని అత్తగారు హామీ ఇచ్చింది. ప్లగిన్లు కూడా ఆ పూటే ఒక్కొక్కటీ వేసి చూశారు. నక్షత్రాలు రాల్చేదే మొత్తం కుప్పకూలుస్తోందని తేలింది. దాన్ని తీసేసి మిగతావి ఉంచారు.

మర్నాడు పొద్దున వదిన అత్తగారిని వెంటబెట్టుకుని కొలనుకు వెళ్ళింది. అత్తగారు వీధి దాటి చాలా కాలమైంది. బట్టలు మార్చుకునే గదిలో, తడిసిన టవళ్ళ మధ్య, వదిన ఫోన్లో ఆ ముక్కలు చూపించింది. టైలరమ్మ తన కొలతల మాట చదివి, "ఇది నేనన్నానా! నేనింత తెలివిగా మాట్లాడతానా!" అని పొంగిపోయింది. నేల మీద నడిచిన ముక్క రాగానే ఇద్దరు స్నేహితురాళ్ళూ మొహాలు మొహాలు చూసుకున్నారు.

"కోచ్ గారు చూస్తే చంపేస్తారు" అంది నర్సమ్మ.

"ఇప్పుడు నిజంగానే ఈదుతున్నాం కదా. దొంగ మారిపోయాక పాత దొంగతనం చెప్పుకుంటే గొప్పే గాని తప్పేముంది? ఉంచెయ్యండమ్మా" అంది టైలరమ్మ.

పొడుగావిడకు వదిన విడిగా చూపించింది. ఆవిడ చివరిదాకా చూసింది. ఫోను తిరిగిచ్చేసి వెళ్ళి నీళ్ళలో దిగింది. వదిన మనసు చివుక్కుమంది. ఆ ముక్క తీసేద్దామని అప్పుడే అనుకుంది. పొడుగావిడ ఆ చివరిదాకా ఈది, ఈ చివరికి వచ్చి, గట్టు మీద మోచేతులు ఆనించి అత్తగారి వైపు తలెత్తింది. గొంతు లేకుండా, పెదాలతోనే ఏదో చెప్పింది. అత్తగారు తలాడించి తనూ అలాగే జవాబిచ్చింది; బస్సు రొదలో ఏళ్ళు గడిపిన ఆవిడకు అది అర్థమైంది. అలా వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చుట్టూ పిల్లలు నీళ్ళు చిమ్ముకుంటున్నారు, ఈల మోగుతోంది, ఎవరికీ ఒక్క మాట వినబడలేదు.

"ఏమన్నారు అత్తయ్యా?" అని తిరిగి వస్తుంటే వదిన అడిగింది.

"వాళ్ళమ్మకి నీళ్ళంటే భయమట. వాన నీళ్ళ గుంట దగ్గరికి వెళ్ళినా కాళ్ళు విరగ్గొడతాననేదట. ఆ మాట ఉంచమంది. మిగతావి నాకు చెప్పుకుంది, అవి గేటు దాటవు."

ఆదివారం కొలను హాలు కిక్కిరిసింది. కొడుకులు, కోడళ్ళు, మనవలు, మనవరాళ్ళు. ముందు వరసలో ఈత జట్టు. గోడకు తెల్లటి గుడ్డ కట్టారు. కోచ్ ఈల మొదటిసారి మోగగానే పిల్లలు కేరింతలు కొట్టారు. టైలరమ్మ కొలతల మాట తెర కింద కనబడగానే హాలంతా గొల్లుమంది. నేల మీద నడిచిన చోట కోచ్ కుర్చీలోంచి సగం లేచాడు.

"నడిచారా! నేను ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పుకున్నాను కదమ్మా, వీళ్ళు చేపల్లా ఉన్నారని!"

"చేపలమే సార్, కాళ్ళున్న చేపలం!" అని టైలరమ్మ చీకట్లోంచి అరిచింది. ఆయన కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

పొడుగావిడ తేలే దృశ్యం వచ్చింది. వదిన అక్కడ సంగీతం వెయ్యలేదు, నీళ్ళ చప్పుడు మాత్రం ఉంచింది. కింద ఆ ఒక్క మాట.  ముందు వరసలో నర్సమ్మ పొడుగావిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ పట్టుకోనిచ్చింది. తర్వాత తెర మీద ఆవిడ బోర్లా తిరగబోయి, నీళ్ళు మింగి, దగ్గి, కోచ్ ఈలను చూసి ఏదో అంది. 'ఆ ఈల ఎవరైనా దాచెయ్యండర్రా' అని తెర కింద అక్షరాలు పడేసరికి మళ్ళీ నవ్వులే నవ్వులు. చివర్లో చేసినవాళ్ళ పేర్లు వచ్చాయి. కెమెరా, కూర్పు తర్వాత, 'మాటలు చూసింది' అని వేసి, పక్కన అత్తగారి పేరు. అది చదివి అత్తగారు కోడలి మోచేతిని గిల్లింది. "అడగకుండా వేశావే!" అంది. గిల్లిన చెయ్యి మళ్ళీ వెనక్కి తీసుకోలేదు.

లైట్లు వెలిగాక ఆడవాళ్ళంతా అత్తగారి చుట్టూ మూగారు. ఎవరూ కేకలెయ్యలేదు. అందరూ ఎదురుగా నిలబడి, మొహం చూపించి మాట్లాడారు.

ఆ తర్వాత అత్తగారి బాల్కనీ కుర్చీ ఎక్కువగా ఖాళీగానే ఉంటోంది. చెవి మిషన్ల మీద కూతురితో ఒప్పందం కుదిరింది. వీధిలోకి వెళ్ళేటప్పుడు, బండి హారన్ల కోసం, పెట్టుకుంటుంది. మిగతా వేళ అడగకూడదు. వదిన ఏ పని వచ్చినా మొదటిసారి శబ్దం ఆపేసి చూస్తుంది, పక్క కుర్చీలో అత్తగారు. డ్యూటీ దిగి వచ్చిన గార్డుగారు గుమ్మంలో నిలబడి, గదిలో ఇద్దరు మనుషులు పెదాలు కదుపుతూ, చప్పుడు లేకుండా, కడుపు పట్టుకుని నవ్వడం చూసి మొదట కంగారు పడ్డాడు. ఇప్పుడు ఆయన కూడా నేర్చుకుంటున్నాడు. కాకపోతే మందబుద్ధి శిష్యుడు. తల్లి "కాళ్ళు కడుక్కురా" అంటే "కూర వండాంరా" అని అర్థం చేసుకుని, ఏం కూర అని అడుగుతాడు.

కోచ్ మళ్ళీ కొత్త జట్టును మొదలుపెట్టాడు. వాళ్ళ వీడియో కూడా వదినకే. మొదటి రోజు అత్తాకోడళ్ళు కెమెరాతో గట్టు మీదికి రాగానే నీళ్ళలో ఉన్న ఆడవాళ్ళంతా గబగబా చేతులు నోళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. చేతులు నోటి దగ్గర ఉంటే ఈత ఎలా వస్తుంది? కోచ్ నెత్తి కొట్టుకున్నాడు. అత్తగారు గట్టున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో వేసుకుని, వాళ్ళకేసి చూసి, "హాయిగా ఈదండర్రా, ఇవాళ నేను కళ్ళజోడు తేలేదు" అంది.